రాత్రి ఎగిరిన టపా: విమాన తపాలా, సరకు విమాన సంస్థల చరిత్రపై ప్రసంగ పాఠం

సభకు నమస్కారం.

విమాన తపాలా అనగానే మనలో చాలామందికి ముందుగా తపాలా బిళ్ళలు, తొలి ప్రయాణపు ముద్రలు, తోలు టోపీలు పెట్టుకున్న సాహస పైలట్లు గుర్తుకు వస్తారు. బిళ్ళల సేకర్తల పుణ్యమా అని చరిత్రలోని ఆ భాగం భద్రంగానే ఉంది. ఈ సాయంత్రం నేను మరొక దారిలో వెళ్లదలచుకున్నాను. విమాన తపాలా చరిత్ర ముఖ్యంగా రాత్రిపూట ఎగరడం నేర్చుకున్న చరిత్ర అని నా అభిప్రాయం. పగలంతా ఎంత వేగంగా ఎగిరినా చీకటి పడగానే నేల మీదకు దిగిపోయే విమానం, తెల్లవార్లూ ఆగకుండా పరుగెత్తే రైలును ఓడించలేదు. సాయంత్రం పెట్టెలో వేసిన ఉత్తరం మర్నాడు పొద్దున అవతలి ఊళ్లో బట్వాడా కావాలంటే దాన్ని మోసే బండికి దొరికేది రాత్రి ఒక్కటే. ఆ రాత్రిని దక్కించుకోవడానికి ప్రభుత్వాలు ఎంత ఖర్చు పెట్టాయో, పైలట్లు ఎన్ని ప్రాణాలు పోగొట్టుకున్నారో, ఆ అనుభవం మీద ఈనాటి సరకు విమాన సంస్థలు ఎలా నిలబడ్డాయో చెప్పడమే నా పని.

విమానం పుట్టకముందే ఈ కథ మొదలైంది. 1870 సెప్టెంబరులో ప్రష్యా సైన్యం పారిస్ నగరాన్ని చుట్టుముట్టి, రోడ్డు, రైలు, తంతి దారులన్నీ తెంచివేసింది. సెప్టెంబరు 23న జ్యూల్ ద్యురూఫ్ అనే బెలూన్ చోదకుడు మోంమార్త్ర్ గుట్ట దగ్గరి నుంచి నెప్ట్యూన్ అనే బెలూన్‌లో ఉత్తరాల మూటలతో పైకి లేచి, శత్రువు తలమీదుగా బయటపడ్డాడు. ఆ తరువాత నాలుగు నెలలలో 60కి పైగా బెలూన్లు ఆ నగరం నుంచి వెళ్లాయి. రైళ్లు ఆగిపోయి ఖాళీగా పడి ఉన్న స్టేషన్లలోనే గుడ్డ కుట్టి వాటిని తయారు చేశారు. ఒక్కొక్క ఉత్తరం 4 గ్రాములు దాటకూడదని నిబంధన. అలా బయటికి వెళ్లిన ఉత్తరాలు 20 లక్షలకు పైమాటే. శత్రువు కాల్పులకు భయపడి నవంబరు నుంచి బెలూన్లను రాత్రివేళ వదలసాగారు. చీకటిలో దిక్కు తెలియని ఆ ప్రయాణాలలో ఒకటి, నవంబరు నెలాఖరున బయలుదేరిన విల్ దోర్లియాన్ అనే బెలూన్, గాలి ఈడ్చుకుపోగా సముద్రం దాటి సుమారు 15 గంటల తరువాత నార్వే కొండలలో మంచు మీద దిగింది. లోపలి ఇద్దరూ బతికి బయటపడ్డారు. ఊళ్లోకి రావలసిన జవాబుల సంగతి వేరు. బెలూన్ గాలివాటున పోతుందే తప్ప చెప్పినచోటికి రాదు కనుక, రెనే దాగ్రోన్ అనే ఛాయాగ్రాహకుడు వేలాది సందేశాలను చిన్న ఫిల్ము ముక్కల మీదికి కుదించగా, వాటిని పావురాలు మోసుకువచ్చాయి. బరువు తగ్గించడం, రాత్రి ప్రయాణం అనే రెండు సమస్యలూ మొదటి రోజులలోనే ఎదురైనాయని గమనించండి.

మోటారు విమానంలో అధికారికంగా తపాలా మోసిన తొలి ప్రయాణం అలహాబాదులో జరిగింది. 1911 ఫిబ్రవరి 18న, అక్కడి ప్రదర్శనకు విమానాలను తెచ్చిన వాల్టర్ విండ్‌హామ్ ఏర్పాటు మీద, 23 ఏళ్ల ఫ్రెంచి పైలట్ ఆన్రీ పెకే సుమారు 6,500 ఉత్తరాలతో యమున దాటి, దాదాపు 10 కిలోమీటర్ల దూరంలోని నైనీలో దిగాడు. పట్టిన సమయం 13 నిమిషాలు. ఒక్కొక్క ఉత్తరానికి ప్రత్యేక రుసుము ఆరణాలు వసూలు చేసి, ఆ సొమ్మును అక్కడి విద్యార్థుల వసతి గృహానికి ఇచ్చారు. నైనీ నుంచి ఆ ఉత్తరాలు మామూలు టపాలోనే చేరవలసిన చోట్లకు చేరాయి. ఆ ఏడాది సెప్టెంబరులోనే ఇంగ్లండులో హెండన్, విండ్సర్ నడుమా, అమెరికాలో లాంగ్ ఐలాండ్ మీదా ఇలాంటి ప్రయాణాలే జరిగాయి. ఇవన్నీ వేడుకలు. వీటివల్ల ఏ ఉత్తరమూ గంట ముందు చేరలేదు.

క్రమం తప్పని సేవలు మొదటి ప్రపంచ యుద్ధం చివరి సంవత్సరంలో వచ్చాయి. ఆస్ట్రియా వాళ్లు 1918 మార్చిలో వియన్నా నుంచి క్రాకోవ్, ల్వీవ్ మీదుగా కీవ్‌కు తపాలా విమానం నడిపారు. అదే సంవత్సరం మే 15న అమెరికాలో వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ మధ్య సేవ మొదలైంది. అధ్యక్షుడు విల్సన్ స్వయంగా వచ్చాడు. ఉత్తరాల సంచులు ఎక్కించారు, ఇంజను మాత్రం కదలలేదు. ఎందుకా అని చూస్తే ట్యాంకులో పెట్రోలు లేదు. పోసిన తరువాత పైకి లేచిన పైలట్ జార్జ్ బాయిల్ ఉత్తరంగా వెళ్లవలసినవాడు తప్పుడు రైలు పట్టాలు పట్టుకుని ఆగ్నేయంగా వెళ్లి, మేరీలాండ్ పొలాల్లో దిగబోతూ ప్రొపెల్లర్ విరగ్గొట్టుకున్నాడు. ఆ ఉత్తరాలు లారీలో వెనక్కి వచ్చాయి. విమానం బొమ్మ తలకిందులుగా అచ్చుపడి, సేకర్తలకు పెన్నిధిగా మారిన 24 సెంట్ల బిళ్ళ ఆ సేవ కోసం వేసిందే.

అయితే ఈ ప్రహసనం కన్నా ఆ 24 సెంట్ల ధర ఎక్కువ చెబుతుంది. అప్పట్లో మామూలు ఉత్తరానికి 3 సెంట్లు. ఎనిమిది రెట్లు చెల్లిస్తే కలిసివచ్చేది రెండు మూడు గంటలు. పైగా న్యూయార్కులో సాయంత్రం రైలులో వేసిన ఉత్తరం ఎలాగూ తెల్లవారేసరికి వాషింగ్టన్ చేరుతుంది. జనం ఎగబడలేదు. తపాలా శాఖ జూలైలో ధరను 16 సెంట్లకు, డిసెంబరులో 6 సెంట్లకు దించి, మరుసటి ఏడు అదనపు రుసుమునే ఎత్తివేసింది. దగ్గరి ఊళ్ల మధ్య రైలును గెలవలేమని తేలిపోయాక, తపాలా శాఖలో ఈ బాధ్యత చూస్తున్న ఒటో ప్రేగర్ దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి చూపు తిప్పాడు. న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు రైలులో ఉత్తరం వెళ్లడానికి నాలుగు రోజులు దాటేది. 1920 సెప్టెంబరులో ఆ దారిలో విమాన తపాలా మొదలైంది. కాని పొద్దు గూకగానే సంచులను విమానంలోంచి దించి రైలుకెక్కించి, పొద్దున్నే రైలు నుంచి దించి మరో విమానానికి ఎక్కించేవారు. అంత హడావిడి పడితే మిగిలింది ఒక రోజుకన్నా తక్కువ.

కొత్త ప్రభుత్వం గద్దెనెక్కబోతోంది. ఇంత ఖర్చు దండగ అనే మాట అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో బలపడుతోంది. అప్పుడు ప్రేగర్ 1921 ఫిబ్రవరి 22న రెండు తీరాల నుంచీ రెండేసి విమానాలను రాత్రీ పగలూ ఆగకుండా నడిపించమన్నాడు. నడి చలికాలం. తూర్పు నుంచి బయలుదేరినవి షికాగో దాటలేదు. పడమటి నుంచి వచ్చినవాటిలో ఒకటి నెవాడాలో కూలి పైలట్ చనిపోయాడు. మిగిలిన ఒక్క విమానం సంచులు చేతులు మారుతూ నెబ్రాస్కాలోని నార్త్ ప్లాట్ వరకు వచ్చి జాక్ నైట్‌కు అందాయి. అతని వంతు ఒమాహా వరకే. ఊళ్లవాళ్లు దారి పొడవునా మంటలు వేసి దిక్కు చూపగా, అర్ధరాత్రి దాటాక ఒమాహాలో దిగాడు. దిగితే, అక్కడ అందుకోవలసిన పైలట్ లేడు. వాతావరణం బాగాలేక అతను షికాగోలోనే ఆగిపోయాడు. అప్పుడు నైట్ తను ఎన్నడూ ఎగరని ఆ దారిలో, పగలుకూడా చూడని నేల మీదుగా, చేతిలో ఒక రోడ్ల పటంతో బయలుదేరాడు. మధ్యలో అయోవా సిటీలో పెట్రోలు కోసం దిగి, మంచు, పొగమంచు దాటుకుని, తెల్లవారాక షికాగో చేరాడు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్‌కు మొత్తం పట్టింది 33 గంటల 20 నిమిషాలు. పత్రికలు నైట్‌ను ఆకాశానికెత్తాయి, సేవకు నిధులు దొరికాయి. ఒక ప్రభుత్వోద్యోగి బడ్జెట్ కాపాడుకోవడానికి చేసిన ఈ పందెంలో ఒక మనిషి ప్రాణం పోయిందన్న మాట వీరగాథల్లో సాధారణంగా వెనకపడుతుంది. 1918 నుంచి ప్రభుత్వం స్వయంగా తపాలా విమానాలు నడిపిన తొమ్మిదేళ్లలో 30 మందికి పైగా పైలట్లు చనిపోయారు.

మంటలు వేసి నడిపే రాత్రి ప్రయాణం సేవ కాదు కనుక, తపాలా శాఖ చీకట్లో ఒక దారి కట్టింది. సుమారు పది మైళ్లకొకటి చొప్పున ఉక్కు స్తంభాల మీద తిరిగే దీపాలు, వాటి నడుమ అత్యవసరంగా దిగడానికి అంచుల్లో దీపాలున్న మైదానాలు, నేల మీద పసుపు రంగు పూసిన పెద్ద పెద్ద కాంక్రీటు బాణాలు వెలిశాయి. ఒక దీపం వెనక్కి వెళ్లగానే రెండోది కంటపడాలన్నది లెక్క. షికాగో నుంచి షయాన్ వరకు దీపాలు అమరాక, 1924 జూలై 1 నుంచి దేశం మీదుగా రాత్రీ పగలూ తపాలా విమానాలు నడిచాయి. తీరం నుంచి తీరానికి ప్రయాణం ఒకటిన్నర రోజుకు లోపే తెగింది. బ్యాంకులకు ఇది వెంటనే పనికివచ్చింది. చెక్కు దారిలో ఉన్నన్ని రోజులూ దాని మీది వడ్డీ పోతుంది కాబట్టి, రెండు రోజులు కలిసివస్తే తపాలా ఖర్చు లెక్కలోకి రాదు. నా దృష్టిలో విమాన తపాలా నిజంగా మొదలైన తేదీ ఇదే. 1911, 1918 అన్నవి రిహార్సల్స్.

దారి తయారయ్యాక ప్రభుత్వం పక్కకు తప్పుకుంది. 1925 ఫిబ్రవరి నాటి కెల్లీ చట్టం తపాలా మోసే పనిని ప్రైవేటు కాంట్రాక్టర్లకు ఇచ్చింది. ఈనాటి పెద్ద అమెరికన్ ప్రయాణికుల విమాన సంస్థల వేళ్లు ఈ కాంట్రాక్టుల్లోనే ఉన్నాయి. యునైటెడ్ తన పుట్టుకను 1926 ఏప్రిల్‌లో పాస్కో నుంచి ఎల్కోకు తపాలా మోసిన వార్నీ సంస్థతో లెక్కపెట్టుకుంటుంది. అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటకముందు చార్లెస్ లిండ్‌బర్గ్ సెయింట్ లూయిస్, షికాగోల మధ్య టపా పైలట్. ఆ ఉద్యోగంలో రెండుసార్లు రాత్రివేళ దిగే చోటు కనబడక, పెట్రోలు అయిపోయి, పారాచ్యూట్ కట్టుకుని దూకాడు. ఒకసారి కూలిన విమానం దగ్గరికి తిరిగి వెళ్లి సంచులు వెదికి బయటకు తీసి రైలుకు అందజేశాడు. మనిషి కన్నా సంచి ముందు చేరాలన్నది ఆ వృత్తి ధర్మం.

కాంట్రాక్టర్లకు చెల్లింపు బరువును బట్టి ఉండడంతో ఒక వింత జరిగింది. బిళ్ళల ఖరీదు కన్నా మోసినందుకు వచ్చే పైకం ఎక్కువ కావడంతో, కొన్ని సంస్థలు తమకు తామే బరువైన పొట్లాలు టపాలో పంపుకుని లాభం చేసుకున్నాయి. 1930లో వచ్చిన వాట్రెస్ చట్టం ఈ లొసుగును మూసి, విమానంలో ఎంత జాగా కేటాయించారో దాన్ని బట్టి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. సంచులు నిండినా నిండకపోయినా డబ్బు వస్తుంది కనుక, పెద్ద విమానాలు కొని మిగిలిన జాగాలో కుర్చీలు వేసి మనుషులను ఎక్కించుకోవడం లాభసాటి అయింది. అదే చట్టం కింద పోస్ట్‌మాస్టర్ జనరల్ వాల్టర్ బ్రౌన్ పెద్ద సంస్థలను పిలిచి దారులు పంచిపెట్టడంతో దుమారం రేగింది. 1934 ఫిబ్రవరిలో రూజ్వెల్ట్ కాంట్రాక్టులన్నీ రద్దు చేసి తపాలాను సైన్యానికి అప్పగించాడు. సైనిక పైలట్లకు ధైర్యం కొదవలేదు, కాని రాత్రివేళ పరికరాలను మాత్రమే చూస్తూ ఎగరడంలో అలవాటు తక్కువ. వాళ్ల విమానాల్లో చాలావాటికి ఆ పరికరాలే లేవు. ఆ చలికాలం చివర పన్నెండు మంది దాకా చనిపోయారు. కొన్ని నెలలకే పని తిరిగి ప్రైవేటు సంస్థల చేతికి వచ్చింది. కాకపోతే విమానాలు తయారుచేసేవాళ్లు విమాన సంస్థలు నడపకూడదన్న షరతుతో వచ్చింది. బోయింగ్, యునైటెడ్ విడిపోయింది ఆ షరతు వల్లనే.

అట్లాంటిక్‌కు ఇవతల ఇదే సమస్య మరో రూపంలో ఎదురైంది. పియర్-జార్జ్ లతెకోయెర్ రైలు పెట్టెలు, యుద్ధ విమానాలు తయారుచేసిన తూలూజ్ పారిశ్రామికుడు. 1918 క్రిస్మస్ నాడు తూలూజ్ నుంచి బార్సిలోనాకు మొదటి ప్రయాణం చేయించి, ఏడాదిలోపే కాసాబ్లాంకాకు, 1925లో డకార్‌కు తపాలా దారి సాగదీశాడు. సహారా తీరం మీద ఇంజను ఆగితే అటు ఇసుక, ఇటు సముద్రం, మధ్యలో పైలట్లను పట్టుకుని డబ్బు అడిగే తెగలు. అందుకే విమానాలను జంటలుగా పంపేవారు, వెంట స్థానిక భాష తెలిసిన దుబాసీని కూర్చోబెట్టేవారు. 1927లో ఈ సంస్థ చేతులు మారి ఏరోపోస్తాల్ అయింది. రచయితగా తరువాత పేరు పొందిన సాంతెగ్జుపెరీ ఆ రోజుల్లో కేప్ జూబీ అనే ఎడారి మజిలీకి అధికారి. బృందాన్ని నడిపించిన దిదియే దొరా అనే మనిషి పొగమంచునూ సాకుగా ఒప్పుకునేవాడు కాదు. ఆలస్యమైన పైలట్‌కు బహుమానపు సొమ్ములో కోత పడేది.

1928లో ఈ దారి దక్షిణ అమెరికా చేరింది. డకార్ నుంచి బ్రెజిల్ వరకు మాత్రం ఓడలే. పగలు విమానం సంపాదించిన గంటలను రాత్రి ఓడలూ రైళ్లూ తినేస్తుంటే ఈ సేవకు అర్థం లేదని జాన్ మెర్మోజ్ ఆ ఏడాదే రియో, బువనోస్ ఐరిస్ దారిలో రాత్రి ప్రయాణాలు మొదలుపెట్టాడు. 1930 మే నెలలో అతనే ఇద్దరు సహచరులతో సముద్ర విమానంలో దక్షిణ అట్లాంటిక్‌ను తపాలాతో దాటాడు. మరుసటి నెలలో ఆన్రీ గియొమే ఆండీస్ మంచులో కూలి, తిండి నిద్ర లేకుండా అయిదు రోజులు నడిచి ప్రాణంతో బయటపడ్డాడు. ఇంత చేసినా ఏరోపోస్తాల్ 1931లో దివాలా తీసింది, 1933లో ఎయిర్ ఫ్రాన్స్‌లో కలిసిపోయింది. ఉత్తరాల బరువు ఎప్పుడూ ఆ దూరానికి సరిపడా డబ్బు ఇవ్వలేదు. ప్రభుత్వ సహాయం ఆగిన రోజునే దారి ఆగుతుందని అందరికీ తెలుసు.

జర్మన్లు అదే సముద్రానికి ఇంజనీరింగ్ తరహా జవాబు కనిపెట్టారు. 1934 నుంచి లుఫ్తాన్సా నడిపిన సేవలో వెస్ట్‌ఫాలెన్ అనే ఓడ నడిసముద్రంలో కాచుకుని ఉండేది. డోర్నియర్ సముద్ర విమానం ఓడ వెనకాల నీళ్ల మీద దిగి, ఓడ ఈడ్చుకువెళుతున్న ఒక పెద్ద గుడ్డ పట్టా మీదికి ఎక్కేది. పట్టా అలల ఊపును అణచగానే క్రేన్ దాన్ని పైకెత్తి డెక్కు మీద పెట్టేది. పెట్రోలు నింపి, కాటపుల్ట్‌తో వడిసెల రాయిలా మళ్లీ గాలిలోకి విసిరేవారు. ఒక ఉత్తరం కోసం ఇంత యంత్రాంగమా అనిపిస్తుంది, కాని ఆ ఉత్తరాల్లో వ్యాపార ఒప్పందాలు, సరుకు పత్రాలు ఉండేవి. అవి ఓడకన్నా ముందు చేరాలి.

విమానం దిగడానికి చోటేలేని చిన్న ఊళ్ల సంగతి చాలామందికి తెలియదు కనుక ఒక్క నిమిషం చెబుతాను. 1939 మే నుంచి పదేళ్లపాటు ఆల్ అమెరికన్ ఏవియేషన్ అనే సంస్థ పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా కొండ ఊళ్లలో దిగకుండానే టపా అందుకుంది. మైదానంలో రెండు గడలు పాతి, వాటి మధ్య తాడు కట్టి, తాడుకు సంచి తగిలిస్తారు. విమానం బాగా కిందికి వచ్చి ముందుగా ఆ ఊరి సంచిని జారవిడుస్తుంది. ఆ వెంటనే తోకవైపు వేలాడుతున్న కొక్కెం గడల మధ్యని తాడును లాక్కుపోతుంది. లోపలున్న సహాయకుడు చక్రం తిప్పి సంచిని పైకి లాగుతాడు. పైలట్ కొండను తప్పించుకుని తరువాతి ఊరికి తిరుగుతాడు. ఆ సంస్థే పేర్లు మార్చుకుంటూ తరువాతి కాలంలో యూఎస్ ఎయిర్ అయింది.

మన దేశానికి వద్దాం. 1929 మార్చిలో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్ నుంచి కరాచీకి వారానికొక తపాలా సేవ మొదలుపెట్టింది. కరాచీ నుంచి లోపలికి తేవడానికి జె.ఆర్.డి. టాటా, మాజీ బ్రిటిష్ వైమానిక దళ పైలట్ నెవిల్ విన్సెంట్ కలిసి ఒక పథకం తయారు చేశారు. ప్రభుత్వం నుంచి రాయితీ అడగకుండా, మోసిన టపాకు డబ్బు ఇస్తే చాలని దిగివచ్చాక గాని ఒప్పందం కుదరలేదు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. ఒక్క ఇంజనున్న పుస్ మాత్ విమానంలో సుమారు 25 కిలోల టపాతో కరాచీలో బయలుదేరి, అహమదాబాదులో ఎడ్లబండి మీద వచ్చిన డబ్బాల పెట్రోలు పోయించుకుని, బొంబాయిలోని జుహూలో దిగాడు. అక్కడి నుంచి విన్సెంట్ సంచులు తీసుకుని, చీకటి పడడంతో బళ్లారిలో రాత్రి ఆగి, మర్నాడు మద్రాసు చేరాడు. వానకాలంలో జుహూ మైదానం బురదలో మునిగిపోతే మకాం పూనాకు మార్చేవారు. రేడియో లేదు, దారి దీపాలు లేవు. ఎయిర్ ఇండియా ఈ సంచుల మోతలో పుట్టిందే.

రాత్రి పాఠం ఇక్కడ 1949లో అక్కరకొచ్చింది. రఫీ అహ్మద్ కిద్వాయ్ కమ్యూనికేషన్ల మంత్రిగా ఉండగా, ఆ జనవరి 30న రాత్రి విమాన తపాలా పథకం ప్రారంభమైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నుంచి ఒక్కొక్క డకోటా విమానం పొద్దుపోయాక బయలుదేరి, అర్ధరాత్రి ప్రాంతంలో నాగపూర్‌లో కలుసుకునేవి. ఒకదాని సంచులు ఇంకొకదానిలోకి మార్చుకుని, ఎవరి ఊరికి వారు తెల్లవారేసరికి తిరిగివెళ్లేవారు. ఏప్రిల్ 1 నుంచి దేశంలో మామూలు ఉత్తరాలను కూడా అదనపు రుసుము లేకుండానే విమానంలో పంపారు. ఇందులోని లెక్క చూడండి. నాలుగు ఊళ్లను నేరుగా కలపాలంటే ఆరు జతల దారులు కావాలి. మధ్యలో ఒకచోట కలుసుకుంటే నాలుగు విమానాలు చాలు. ఊళ్లు పెరిగేకొద్దీ తేడా భయంకరంగా పెరుగుతుంది. 25 ఊళ్లకు నేరు దారులు 300, నడి మజిలీ ఉంటే 25.

ఈ లెక్క మీదే ఒక పెద్ద వ్యాపారం నిలబడింది. 1973 ఏప్రిల్ 17 రాత్రి ఫ్రెడ్ స్మిత్ స్థాపించిన ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ (ఫెడెక్స్) సంస్థ 14 చిన్న ఫాల్కన్ జెట్లతో 25 నగరాల నుంచి 186 పొట్లాలను మెంఫిస్‌కు చేర్చి, వేరుచేసి, తెల్లవారేసరికి పంపిణీ చేసింది. దేశానికి దాదాపు నడుమన ఉండడం, మంచు, పొగమంచు వల్ల మూతపడే రోజులు తక్కువ కావడం మెంఫిస్‌ను ఎంచుకోవడానికి కారణాలు. అంత చిన్న విమానాలు ఎందుకంటే, ఆనాటి నిబంధనల ప్రకారం 7,500 పౌండ్లకు మించి మోసే విమానాలు నడపాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ అనుమతి పాత సంస్థల గుప్పిట్లో ఉంది. మొదటి రెండేళ్లు సంస్థ అప్పుల్లో మునిగితేలింది. 1977 నవంబరులో సరకు విమానాల మీద ఆంక్షలు ఎత్తివేయగానే పెద్ద బోయింగ్ 727లు కొని ఎదిగింది. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి హోనొలులుకు ఓడ సరుకు పత్రాలను సామాన్ల సంచీలో మోయడంతో మొదలైన డీహెచ్‌ఎల్, 1988లో సొంత విమాన సంస్థ పెట్టుకుని లూయీవిల్ కేంద్రంగా చేసుకున్న యూపీఎస్ అనే కొరియర్ సంస్థలదీ ఇదే నమూనా. దొరా, మెర్మోజ్, నైట్ ఎదురుకున్న ప్రశ్నకు ఇవి కొత్త జవాబు కాదు. తపాలా శాఖలు డబ్బు పెట్టి నేర్పిన రాత్రి పాఠాన్ని ప్రైవేటు చేతులు పెద్ద ఎత్తున అమలు చేశాయి. ఒక తేడా మాత్రం ఉంది. తపాలా శాఖ మారుమూల ఊరి ఉత్తరాన్ని కూడా అదే ధరకు మోయాలి. కొరియర్‌కు ఆ బాధ్యత లేదు.

తపాలా శాఖలూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఫ్రాన్సులో దొరా పూనుకుని 1935లో ఎయిర్ బ్లూ పెట్టాడు. అది తరువాత రాత్రి తపాలాగా మారింది. 1991లో ఏర్పడిన ఏరోపోస్తాల్ అనే కొత్త సంస్థ బోయింగ్ 737లను రెండు పనులకు వాడింది. పగలు కుర్చీలు వరుసగా పేర్చిన పట్టాలను పక్క తలుపు గుండా లోపలికి దొర్లించి ప్రయాణికులను ఎక్కించేవారు. సాయంత్రం వాటిని బయటికి లాగి తపాలా కంటెయినర్లు నింపేవారు. మొత్తం పని గంటలోపే. చైనా తపాలా శాఖ 1990ల మధ్యలో సొంత విమాన సంస్థ పెట్టి, తరువాత నాన్‌జింగ్‌ను రాత్రి కేంద్రంగా మలచుకుంది. అక్కడి ఎస్‌ఎఫ్ అనే కొరియర్ సంస్థకు ప్రధాన కేంద్రంగా ఎఝౌలో కట్టిన సరకు విమానాశ్రయం 2022లో పని మొదలుపెట్టింది.

ఉత్తరం మాత్రం క్రమంగా నేలకు దిగింది. అమెరికాలో దేశీయ విమాన తపాలా అనే ప్రత్యేక తరగతి 1977లో అధికారికంగా రద్దయింది. దూరం వెళ్లే ఉత్తరాలన్నీ అప్పటికే విమానంలోనే వెళుతుండగా దాని కోసం అదనంగా వసూలు చేయడంలో అర్థం లేదు. 2021లో అదే తపాలా శాఖ ఉత్తరాల గడువులు పెంచి, విమానాల మీంచి కొంత టపాను లారీలకు మార్చింది. 2001 నుంచి దాని విమాన సరకు మోసిన ఫెడెక్స్ ఒప్పందం 2024 సెప్టెంబరుతో ముగిసి, పని యూపీఎస్‌కు వెళ్లింది. జర్మనీలో 1961 నుంచి ఉత్తరాలు మోసిన రాత్రి విమానాలు 2024 మార్చి చివరలో ఆగిపోయాయి. స్టుట్‌గార్ట్, బెర్లిన్, హనోవర్, మ్యూనిక్ వంటి ఊళ్ల ఉత్తరాలిప్పుడు లారీల్లో వెళుతున్నాయి. మర్నాడు పొద్దున్నే తప్పక చేరవలసిన ఉత్తరాలు తగ్గిపోయాయి, గాలిలో పొగ తగ్గించాలన్న ఒత్తిడి పెరిగింది. ఇవే జర్మన్ తపాలా సంస్థ చెప్పిన కారణాలు.

నేల దారి లేనిచోట సంగతి వేరు. అలాస్కాలో చాలా ఊళ్లకు ఏ రోడ్డూ లేదు. అక్కడ బైపాస్ మెయిల్ అనే ఏర్పాటు కింద పిండి, పాలపొడి, డబ్బా ఆహారం వంటి సరుకులు కనీసం 1,000 పౌండ్ల మోపులుగా టోకు వ్యాపారి గిడ్డంగి నుంచి నేరుగా విమాన సంస్థకు, అక్కడి నుంచి ఊరి దుకాణానికి వెళతాయి. తపాలా కార్యాలయం గడప తొక్కకుండానే అవి టపా లెక్కలోకి వస్తాయి. వసూలు చేసేది పార్సిల్ ధర, మోసేందుకు అయ్యే ఖర్చు అంతకు చాలా ఎక్కువ. ఆ లోటును భరించేది తపాలా శాఖే.